పథ్యం తప్పిన ఆడవాళ్లు

సీసా శుభ్రంగా ఉంది. కాంతమ్మకు ఒళ్లు మండింది అక్కడే.

శనివారం పదకొండున్నర. నరసరావుపేట దాటాక వినుకొండ రోడ్డు పక్కన ఉన్న శివరామయ్య మందుల షెడ్డు. లోపల ఎటు చూసినా పసుపే. గోడలు పసుపు, తూకంరాళ్లు పసుపు, తలుపు గడియ పసుపు, ఎవరూ దించని 1983 నాటి క్యాలెండరు పసుపు. పసుపు కొమ్ములు మరపట్టే చోటు మరి, ఈగ వాలినా దాని రెక్కలకు అంటుకుంటుంది. అలాంటి చోట, నిన్న మధ్యాహ్నం ఐజాక్ చచ్చిపడి ఉన్న జాగాలో, గోనెసంచి మీద నిలబెట్టి ఉన్న ఎండ్రిన్ సీసా మాత్రం ఇప్పుడే పురుగుమందుల కొట్లోంచి తెచ్చినట్టు తళతళలాడుతోంది.

"ఎస్సైగారూ, నిన్న శవాన్ని మీరు చూశారు గదా. చేతులు ఎట్టా ఉన్నాయి?"

బల్ల ముందు కూర్చుని పంచనామా రాస్తున్న ఎస్సై పున్నారావు తల ఎత్తలేదు. "చేతుల్లాగే ఉన్నాయి నర్సమ్మా. చేతికి అయిదు వేళ్లు."

"పసుపుగా ఉన్నాయా లేవా?"

"మోచేతుల దాకా. ఇక్కడ పనిచేసేవాడికి పసుపు గాక పన్నీరు అంటుద్దా?"

"మరి ఆ చేతుల్తోనే మూత తిప్పి, సీసా ఎత్తి, సగం తాగి, మళ్లీ కుదురుగా నిలబెట్టాడన్న మాట. సీసా మీద ఒక్క వేలి గుర్తయినా లేదేంది? పురుగుమందు తాగిన మనిషి సీసా తుడిచిపెట్టి మరీ చచ్చిపోయాడా?"

పెన్ను ఒక్క క్షణం ఆగింది. "గోనెతో పట్టుకుని ఉంటాడు."

"ఆ గోనెకూ పసుపే. మీరు కూర్చున్న కుర్చీకీ పసుపే. లేచి చూసుకోండి."

పున్నారావు లేవలేదు గానీ కాస్త కదిలాడు. గుమ్మంలో ఉన్న కానిస్టేబులు ముఖం అటు తిప్పుకున్నాడు, నవ్వు కనపడకుండా.

కాంతమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసింది. తప్పుడు సూది వేసి తప్పు ఆయా మీదికి నెట్టిన ఒక డాక్టరుతో పోట్లాడి, ఆయాను గెలిపించి, తన ఉద్యోగం పోగొట్టుకుంది. అప్పటి నుంచి అలీ సాహెబ్ సైకిల్ షాపు మీది గదిలో 'ప్రైవేటు విచారణలు' అని బోర్డు పెట్టుకుని కూర్చుంది. మొదట్లో ఊరు నవ్వింది. ఇప్పుడు పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కి దిగిన వాళ్లు తిన్నగా ఆమె మెట్లు ఎక్కుతారు. పున్నారావుకు ఆమె పొడ గిట్టకపోవడానికి కారణం అదే.

ఈ ఉదయం ఆరింటికి ఆ మెట్లెక్కింది ఐజాక్ భార్య మణెమ్మ. ఏడవలేదు. ఒకటే మాట చెప్పింది. "ఆయన తాగలేదక్కా." దాని వెనకాల ఉన్న భయం కాంతమ్మే తవ్వి బయటికి తీయాల్సి వచ్చింది. పంచనామాలో ఆత్మహత్య అని పడిందంటే శవాన్ని సమాధుల తోటలోకి రానివ్వమని చర్చి పెద్దలు రాత్రే తేల్చేశారట. కాలవ గట్టున ఎక్కడో గొయ్యి తీసుకోమన్నారట, ప్రార్థన లేకుండా. పెద్దాసుపత్రిలో శవాన్ని నాలుగింటికి అప్పగిస్తారు. ఆ లోపు ఈ కాగితం వెళ్లాలి. అందులో ఏ మాట ఉంటుందో దాన్ని బట్టే ఐజాక్ మనిషిలా మట్టిలోకి వెళ్లడమా, కుక్కలా వెళ్లడమా అన్నది.

ఆ మాటను పున్నారావు ఇప్పటికే రాసేశాడు. కింద మణెమ్మ వేలిముద్ర ఒక్కటే బాకీ. ఒంటిగంటకు రమ్మని కబురు పంపాడు.

కాంతమ్మ గడియారం చూసుకుని శివరామయ్య వైపు తిరిగింది.

వైద్యం శివరామయ్యకు యాభై అయిదు ఉంటాయి. మల్లెపువ్వు లాంటి పంచె, జుబ్బా. ఇంతమంది తన షెడ్డులో ఉన్నా ఎవరి ఇంట్లోనో పెళ్లికి వచ్చినట్టు కూర్చున్నాడు. ఆయన 'రక్షచూర్ణం' తెలియని ఊరు ఈ చుట్టుపక్కల లేదు. పసుపు, దానిమ్మ బెరడు, ఎండు ఉసిరిక. రోజుకో చెంచా నీళ్లలో కాచి కషాయంగా తాగితే ఆడదానికి జన్మలో రొమ్ము క్యాన్సర్ రాదని చెబుతాడు. మూడేళ్లుగా నాలుగు వందల మంది ఆడవాళ్లు తాగుతున్నారు. బెల్లంకొండ నుంచి దుర్గి దాకా సైకిల్ మీద మోసుకెళ్లి ఇచ్చింది ఐజాక్. రేపు ఆదివారం పదింటికి టౌన్‌హాల్లో పెద్ద సభ. మద్రాసు నుంచి ఒక మందుల కంపెనీ వాళ్లు వస్తున్నారు. నాలుగు వందల మంది తాగితే ఒక్కరికీ జబ్బు రాలేదని శివరామయ్య వేదిక మీద చదివితే, వాళ్లు చూర్ణాన్ని దేశమంతా అమ్ముతారు.

"నిన్న ఐజాక్ ఎన్నింటికి వచ్చాడు?"

"పన్నెండున్నరకి. తాళంచెవి ఇచ్చి ముప్పావుకు నేను ఇంటికెళ్లాను. భోంచేసి నడుం వాల్చాను. మూడింటికి వచ్చి చూస్తే ఇదీ సంగతి."

"మధ్యలో ఇటు రాలేదు?"

"నిద్రపోయేవాణ్ణి ఎట్లా వస్తానమ్మా?"

"ఎందుకు చచ్చిపోయాడంటారు?"

"చూర్ణం దొంగచాటుగా అమ్ముకుంటూ దొరికాడు. సిగ్గుపడ్డాడు. పాపం, మంచివాడే, బుద్ధి గడ్డి తిన్నది."

"సరే. నాలుగు వందల మందిలో నిజంగా ఒక్కరికీ రాలేదా?"

"పథ్యం చేసినవాళ్లకు ఒక్కరికీ రాలేదు."

"చెయ్యని వాళ్లకు?"

"వాళ్లు లెక్కలోకి ఎట్లా వస్తారు?" శివరామయ్య జాలిగా చూశాడు. "కారం వద్దన్నాను. పులుపు వద్దన్నాను. నూనెలో వేయించింది ముట్టొద్దన్నాను. కోపం తెచ్చుకోవద్దన్నాను. ఇన్ని చెప్పినా నోరు కట్టుకోలేకపోతే తప్పు చూర్ణానిదా, నాదా?"

కాంతమ్మకు అరికాళ్ల నుంచి మంట లేచింది. పల్నాడులో కారం తినని ఆడది ఎక్కడుంది? మిరప కల్లంలో కూలి చేసి, మిరపకాయ నంజుకుని సంగటి ముద్ద మింగే మనిషికి కారం వద్దని షరతు పెట్టడమంటే జబ్బు వచ్చినప్పుడు తప్పించుకునే దారి ముందే తెరిచి పెట్టుకోవడం. ఆసుపత్రిలో ఉన్న చివరి ఏడాది అలాంటి వాళ్లను తన చేతుల మీదుగా చూసింది. పైట చాటున పుండు దాచుకుని వచ్చేవాళ్లు. ఇంతకాలం ఎందుకు రాలేదమ్మా అంటే తల వంచుకునేవాళ్లు. పథ్యం తప్పానమ్మా, నేనే తప్పాను, మా ఆయనకు చెప్పొద్దమ్మా, అనేవాళ్లు. చచ్చిపోతూ కూడా క్షమాపణ అడుగుతున్నట్టు మాట్లాడేవాళ్లు. అది గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ అన్నం సహించదు.

"పసుపు మంచిదే శివరామయ్యగారూ. దానిమ్మా మంచిదే, ఉసిరికా మంచిదే. వద్దనేవాళ్లు ఎవరూ లేరు. బిళ్ళగన్నేరు మొక్క నుంచి నెత్తురు క్యాన్సర్‌కు మందు తీశారు, నా చేత్తో నేనే ఎక్కించాను. రేపు పసుపులో నుంచీ ఏదన్నా తీస్తారేమో. కానీ అది తీయడానికి ఏళ్లు పడుతుంది. వచ్చిన వాళ్లెందరు, రాని వాళ్లెందరు, అని ఇద్దర్నీ లెక్కపెట్టాలి. వచ్చిన వాళ్లను ఏరి పారేసి రాని వాళ్లను చూపించడం వైద్యం కాదు."

"నర్సు ఉద్యోగం పోయినా సూది పొడవడం మానలేదే," అన్నాడు పున్నారావు.

"మీకు ఉద్యోగం ఉండి కూడా కళ్లు తెరవడం రాలేదుగా," అని ఆమె పెరట్లోకి నడిచింది.

పెరట్లో ఎండలో పసుపు కొమ్ములు తిరగబోస్తోంది ఖాతూన్ బీ. అరవై దాటిన మనిషి, పదేళ్లుగా ఇక్కడే కూలి. కాంతమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని పక్కనే గొంతుకూర్చుంది.

"నిన్న యాడున్నావ్ వదినా?"

"శుక్రవారం గదమ్మా. పన్నెండున్నరకి ఐజాక్ రావడం చూసి ఇంటికి పోయినా. నమాజు చేసుకుని, ఇంత తిని వచ్చినా."

"వచ్చేసరికి ఎంతయింది?"

"నాకేం తెలుసు గడియారం? మిల్లు రెండింటి కూత కూస్తుంటే గేటు తీసినా."

"ఎవరున్నారు అప్పుడు?"

ఖాతూన్ బీ చేతులు కొమ్ముల్లో ఆగిపోయాయి. షెడ్డు వైపు చూసింది. "నేను ఈడ కూలి చేసుకునేదాన్ని."

"ఐజాక్ నిన్నేమని పిలిచేవాడు?"

"పెద్దమ్మా అనేటోడు. నా మనవరాలికి జరం వస్తే ఆ సైకిల్ మీదే ఆసుపత్రికి తీసుకపోయిండు." గొంతు తగ్గించి చెప్పింది. "అయ్యగారున్నారు. కొళాయి కాడ. ఉత్తరీయం ఉతుక్కుంటున్నారు, తన చేత్తో. కాళ్లు కడుక్కోవాలంటే చెంబు అందియ్యాల ఆయనకి. అట్టాంటి మడిసి సబ్బు పెట్టి గుడ్డ రుద్దుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆయన నన్ను చూళ్లేదు."

"ఆ ఉత్తరీయం ఏది?"

ఖాతూన్ బీ గడ్డంతో చూపించింది. ప్రహరీ పక్క తీగ మీద ఆరేసి ఉంది, ఎండకు గంజి పెట్టినట్టు బిరుసెక్కి. కాంతమ్మ దగ్గరికి వెళ్లి చూసింది. అంచు పక్కన ఎర్రటి మరకలు. వరసగా నాలుగు, వాటికి అవతలి వైపు పొట్టిగా ఇంకొకటి. చాలాసేపు చూసింది. తీగ మీద నుంచి తీసి, మడిచి, చంకలో పెట్టుకుంది.

"ఇంకొకటి చెప్పు వదినా. ఐజాక్ నిన్న వచ్చేటప్పుడు చేతిలో ఏదన్నా ఉందా?"

"భుజాన సంచి ఉంది. నిండుగా ఉంది."

ఆ సంచి షెడ్డు గోడకున్న మేకుకు వేలాడుతోంది, ఖాళీగా. కాంతమ్మ దాన్ని బోర్లించి దులిపింది. ఏమీ రాలలేదు. పన్నెండున్నరకు నిండుగా ఉన్న సంచి మూడింటికి ఖాళీ. ఎవరో తీసుకుని ఉండాలి, లేకపోతే ఐజాకే ఇక్కడ ఎక్కడో దాచి ఉండాలి. ఎవరైనా తీసుకుని ఉంటే సంచితో సహా మాయం చేసేవాడు, తిరిగి మేకుకు తగిలించడు. ఆమె చీర చెంగు నడుముకు బిగించి వరసగా పేర్చి ఉన్న బస్తాల్లో చేతులు పెట్టింది. పసుపు బస్తాలు అయ్యాయి. ఉసిరిక బస్తాలు అయ్యాయి. పున్నారావు విసుక్కుంటున్నాడు, కానిస్టేబులు ఆవలిస్తున్నాడు. శివరామయ్య మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు.

దానిమ్మ బెరడు బస్తాలో మోచేతి లోతున ఏదో తగిలింది. లాగితే పొడుగాటి తాడు వచ్చింది. తాడు పొడవునా చిన్న చిన్న గుడ్డ మూటలు కట్టి ఉన్నాయి, గోలీకాయంత ఒక్కొక్కటి. ఒక దానికున్న గుడ్డ ఇంకో దానికి లేదు. పూలది ఒకటి, గళ్లది ఒకటి, వెలిసిపోయిన నేతచీర ముక్క ఒకటి.

పున్నారావు ఒక మూట విప్పి చూసి ఫక్కున నవ్వాడు. "పెసరగింజ. ఇదిగో దీంట్లో కందిగింజ. ఇందులో శనగ. ఏంది నర్సమ్మా, ఇదా నీ సాక్ష్యం? ఎవరి ఇంట్లోనో పప్పుల డబ్బా పట్టుకొచ్చినట్టున్నాడు."

కాంతమ్మ నవ్వలేదు. గింజను వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నలిపి చూసింది. ఇరవై రెండేళ్లు ఆ వేళ్లు అలా నలుపుతూ వెతికింది ఏమిటో వాటికి తెలుసు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర రిక్షా ఆగింది. ఒంటిగంటయింది. మణెమ్మ లోపలికి వచ్చింది. పున్నారావు కాగితం ముందుకు తోశాడు, పక్కన సిరా మెత్త పెట్టాడు. మణెమ్మ వాటిని చూడలేదు. తాడును చూసింది. గబగబా వచ్చి కాంతమ్మ చేతుల్లోంచి తీసుకుని వేళ్లతో తడుముతూ మూటలు లెక్కపెట్టింది.

"ముప్పై ఏడు. అన్నీ ఉన్నాయక్కా."

"ఏందే ఇవి? అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పు."

"ఆయన మగోడు గదా. ఆడోళ్లు చెప్పుకుంటారా? అందుకని సైకిలెనక నేనూ కూర్చుని పోయేదాన్ని. నాకైనా నోటితో చెప్పరు, సిగ్గు. అందుకని గింజల సంచి పట్టుకుపోయేదాన్ని. పెసర, కంది, శనగ, చింతగింజ, కుంకుడుగింజ. గడ్డ ఏదన్నా తగుల్తుంటే అంత గింజ ఏరి నా చేతిలో పెట్టమనేదాన్ని. మాటా పలుకూ ఉండదు. వాళ్ల గుడ్డలోంచే పీలిక చింపి మూట కట్టేదాన్ని, ఎవరిదో గుర్తుండాలి గదా. నాకు రాయను రాదు. ఆర్నెల్లకి మళ్లా పోతే కొందరు అదే గింజ ఏరతారు. కొందరు ఇంకా పెద్దది ఏరతారు."

బయట ఖాతూన్ బీ తిరగబోస్తున్న కొమ్ముల చప్పుడు లోపలికి వినపడుతోంది.

"వీళ్లంతా చూర్ణం తాగినవాళ్లేనా?"

"రోజూ తాగినోళ్లే. మూడేళ్లు. ఆయన పోయి ఈ అయ్యగారితో చెబితే, పథ్యం తప్పుంటారు, వాళ్ల పేర్లు కొట్టెయ్ అన్నాడంట. నలుగురు చచ్చిపోయారక్కా. వాళ్లని కూడా ఊరొదిలి పోయారని రాయించాడు. మా ఆయన రాశాడు. రాసి ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలా. నిన్న ఈ తాడు తీసుకుని బయల్దేరాడు. ఆదివారం సభలో ఈ ముప్పై ఏడు మంది సంగతి కూడా చదవమంటా, చదవకపోతే నేనే లేచి చెబుతా అన్నాడు."

"అబద్ధం," అన్నాడు శివరామయ్య. "కూలిమనిషి గింజలు మూటగట్టుకుని వచ్చి నా మీద..."

"ఆగండి, మీ వంతు వస్తుంది. మణెమ్మా, కొత్త కషాయం కాస్తే ముందు ఎవరు తాగుతారు?"

"ఇంకెవరు, ఆయనే. ఆడోళ్ల ముందు తను గుటకేస్తే గానీ వాళ్లు తాగరు గదా. అది అలవాటైపోయి ఈడ కొత్తది కాచినా అయ్యగారు ముందు ఆయనకే గ్లాసు అందిస్తాడు. రుచి చూడు ఐజాకూ అని."

కాంతమ్మ తల పంకించింది. దానిమ్మ బెరడు వగరు, ఉసిరిక పులుపు, పసుపు ఘాటు. వాటి కింద ఎండ్రిన్ కంపు ఒక్క గుటక దిగేదాకా తెలియదు. గుటక దిగాక తెలిసి మాత్రం ఏం లాభం. తెలిసినవాడు ఎదురుగా ఉన్నవాణ్ణి పట్టుకుంటాడు.

ఆమె చంకలోని ఉత్తరీయం తీసి బల్ల మీద, పంచనామా పక్కనే పరిచింది. "శివరామయ్యగారూ, ఇది మీదే గదా. ఈ ఎర్ర మరకలేంది?"

"తాంబూలం."

"ఎప్పటిది?"

"గురువారం నాటిది. ఇంట్లోవాళ్లు ఉతికారు."

కాంతమ్మ అటూ ఇటూ చూసింది. షెడ్డు గుమ్మానికి దిష్టి తగలకుండా కట్టిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి, నిన్న శుక్రవారం కట్టినవి. చెయ్యెత్తి నిమ్మకాయ తెంపింది.

"అది ముట్టుకోకూడదు," అన్నాడు పున్నారావు గబుక్కున.

"దిష్టి తగిలేది మీ వైద్యులుగారికి గదా, నాకు కాదు." చేతిసంచిలోని చిన్నకత్తితో కోసి మరక మీద పిండింది.

అందరూ చూస్తుండగానే ఎరుపు కరిగిపోయింది. దాని జాగాలో పచ్చని పసుపు పొటమరించింది. ఒక వేలు, రెండో వేలు, మూడు, నాలుగు. అవతలి వైపు బొటనవేలు. గుప్పిట బిగించి పట్టుకున్న చెయ్యి, అంత స్పష్టంగా.

"మా ఇళ్లల్లో పదేళ్ల ఆడపిల్లకు కూడా తెలుసు ఎస్సైగారూ. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రనవుతుంది. పులుపు తగిలితే మళ్లీ పసుపే. పసుపు అమ్మి పెద్దవాడైన ఈయనకు అది తెలియదు. ఎందుకంటే పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తన గుడ్డ తాను ఉతుక్కుని ఎరగడు. నిన్నొక్కసారే ఉతికాడు."

శివరామయ్య ముఖం పాలిపోయింది గానీ నోరు పడిపోలేదు. "పసుపు షెడ్డులో తిరిగేవాడికి పసుపు అంటదా?"

"అంటుద్ది. మరి తాంబూలమని ఎందుకన్నారు? రెండింటికి ఇంట్లో నిద్రపోతున్న మనిషి కొళాయి దగ్గర సబ్బు ఎందుకు పట్టుకున్నాడు? చూసినవాళ్లున్నారు. తన ఉత్తరీయాన్ని తను పట్టుకుంటే వేళ్లు లోపలి వైపుకు పడతాయి. ఇవి బయటి నుంచి పడ్డాయి, ఎదురుగా నిలబడి ఊగిపోతున్న మనిషివి."

ఆమె పున్నారావు వైపు చూసింది. ఇప్పుడైనా లేస్తాడనుకుంది. అతను లేవలేదు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కోర్టులో నిమ్మకాయ వచ్చి సాక్ష్యం చెప్పదు నర్సమ్మా. పొద్దున్నే పైనుంచి ఫోనొచ్చింది. రేపటి సభ ఆగకూడదు. పెద్దపెద్దవాళ్లు వస్తున్నారు. నాలుగింటికి కాగితం వెళ్లాలి. ఏమ్మా, వేలు పెట్టు."

"నలుగురు ఆడవాళ్లు చచ్చిపోయారు. చెప్పబోయిన మగవాడు చచ్చిపోయాడు. మీకు సభ కావాలా?" కాంతమ్మ గొంతు పెంచలేదు. "ఈ దేశంలో దూడ చచ్చిపోతే కూడా పశువుల డాక్టరు వచ్చి ఎందుకు చచ్చిందో అడుగుతాడు. ఈ ముప్పై ఏడు మందిని ఎవరూ ఏమీ అడగలేదు. కారం తిన్నావా అని మాత్రం అడిగారు."

"ఉపన్యాసాలు టౌన్‌హాల్లో ఇచ్చుకో. వేలు పెట్టమ్మా."

మణెమ్మ కుడిచెయ్యి చాచింది. ఎడమచెయ్యి మాత్రం తాడు కొసను గుప్పిట్లో బిగించి వెనక్కి పెట్టుకుంది. లెక్కపెట్టినప్పటి నుంచీ ఆ గుప్పిట విప్పలేదు. కాంతమ్మ అప్పుడే గమనించింది, పున్నారావూ గమనించాడు.

"ఆ చేతిలో ఏం దాస్తున్నావ్?"

"ఏం లేదు సార్."

"విప్పు."

"వద్దు సార్. మాటిచ్చినా."

"విప్పమన్నానా."

మణెమ్మ కాంతమ్మ వైపు చూసింది. తరవాత గుప్పిట విప్పింది. తాడు చిట్టచివర ఒక మూట. దాని గుడ్డ పూలది కాదు, గళ్లది కాదు. ఖాకీ. చొక్కా జేబు మూత ముక్క, గుండీ కన్నం చిరిగితే నల్లదారంతో కుట్టిన కుట్టు కూడా ఉంది.

పున్నారావు ఆ కుట్టును చూస్తూ ఉండిపోయాడు. ఖాకీ దారం లేదని ఆ రోజు భార్య మీద విసుక్కున్నాడు. నల్లదారంతోనే కుట్టి ఇచ్చింది. ఆ చొక్కా నిరుడు పాతబడి ఇంట్లో గుడ్డల్లో పడింది.

"ఇదెవరిచ్చారు?"

"క్వార్టర్సులో మూడో ఇల్లు సార్."

మూట అతనే విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఉంటే పళ్లతో లాగాడు. అరచేతిలో చింతగింజ పడింది.

"మొదట కందిగింజ ఏరారు అమ్మగారు. పదిరోజుల కింద పోతే ఇది ఏరారు."

"నాకు చెప్పలేదే."

"శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో మీరు మిరపకాయ బజ్జీలు తెచ్చిచ్చారంట గదా సార్. రెండు తిన్నారంట. పథ్యం తప్పింది నేనే, ఆయనకెట్టా చెప్పను అన్నారు. కొంగులో ముఖం పెట్టుకుని ఏడ్చారు."

మిల్లు కూత కూసింది. శివరామయ్య లేచి, ఎవరూ తనను చూడటం లేదనుకుని గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

"యోబూ," అన్నాడు పున్నారావు, తల తిప్పకుండానే. కానిస్టేబులు యోబు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆయన్ని స్టేషనుకు తీసుకెళ్లు. ఫోను ముట్టనీకు. ఎవరు చేసినా నేను చెప్పాననే చెప్పు."

తరవాత పంచనామా దగ్గరికి లాక్కుని, తను రాసిన మాట మీద అడ్డంగా గీత కొట్టాడు. గీత కాగితం చిరిగేంత బలంగా పడింది. దాని పైన, కూడబలుక్కుంటున్నట్టు, విషప్రయోగం వల్ల హత్య అని రాశాడు. మణెమ్మ వేలిని తనే సిరాలో అద్ది కాగితం మీద పెట్టించాడు. అప్పటికీ అతని ఎడమ అరచేయి చింతగింజ మీద మూసే ఉంది.

"కాంతమ్మగారూ," అన్నాడు. ఆ పేరుతో అతను ఆమెను పిలవడం అదే మొదటిసారి. "గుంటూరులో ఎవర్ని కలవాలి?"

"పేరు రాసిస్తాను. చింతగింజంతే గదా, టైముంది. కోసి తీసేస్తారు. కానీ ముందు ఇంటికి వెళ్లండి. బజ్జీలు తింటే ఏమీ రాదని మీ నోటితో చెప్పండి. నేను చెబితే నమ్మదు. ఆ షరతు నమ్మి కూర్చున్నదాన్ని మీరే లేపాలి. అరవకుండా చెప్పండి."

పున్నారావు టోపీ బల్ల మీదే మర్చిపోయి జీపెక్కాడు.

షెడ్డులో ఆడవాళ్లిద్దరే మిగిలారు. ఆసుపత్రిలో ఇవ్వాల్సిన కాగితం మణెమ్మ చేతిలో ఉంది. ఆమెకు చదవడం రాదు. అయినా చాలాసేపు చూసింది, తన వేలిముద్ర పక్కన ఉన్న అక్షరాలను వేలితో తడిమింది.

"ఇప్పుడు తోటలోకి రానిస్తారుగా అక్కా?"

"రానివ్వక చస్తారా? నేనూ వస్తాను, గేటు తియ్యనివాడెవడో చూస్తాను."

మణెమ్మ తాడును జాగ్రత్తగా చుట్ట చుట్టి, మేకు మీది సంచి తీసి అందులో వేసుకుంది. సంచి భుజాన తగిలించుకుంది, అతను తగిలించుకున్నట్టే.

"నాలుగున్నరకి మట్టి చేద్దాం. ఆరింటికి బెల్లంకొండ బస్సుంది, దానికి పోవాల నేను. కుంకుడుగింజోళ్లు ఆడ ముగ్గురున్నారు. సాయంత్రం పొయ్యి మీద కషాయం పెట్టుకుంటారు."